బల్లకట్టు మీద గూడ్సుబండి

కృష్ణలోనో గోదావరిలోనో బల్లకట్టు ఎక్కినవారికి ఆ ముచ్చట కొత్తగా చెప్పనక్కరలేదు. బండీ, ఎడ్లూ, సైకిళ్లూ, మనుషులూ అన్నీ ఒకే పలక మీద. అయితే గూడ్సు వ్యాగన్లను బల్లకట్టెక్కించి అఖాతం దాటించేవారని విన్నప్పుడు నేను వెంటనే నమ్మలేదు. వర్జీనియాలోని కేప్ ఛార్లెస్ రేవున నిలబడ్డాకే నమ్మకం కుదిరింది.

పటం విప్పి చూడండి. చెసపీక్ అఖాతానికీ అట్లాంటిక్ సముద్రానికీ నడుమ డెల్‌మార్వా ద్వీపకల్పం దక్షిణానికి వేలాడుతూ ఉంటుంది. దాని కొసన నేల అయిపోతుంది. ఎదుటి గట్టున నార్ఫోక్. నడుమ దాదాపు 26 మైళ్ల నీరు. నేల మీదుగా చుట్టి రావాలంటే ఉత్తరాన డెలావేర్ దాకా పోయి మళ్లీ దిగిరావాలి.

విలియం స్కాట్ సొమ్ము, అలెగ్జాండర్ కసాట్ ఇంజనీరింగు కలిసి 1884లో ఈ కొస దాకా పట్టాలు పరిచాయి. రైలు ఆగిన చోట, స్కాట్ కొన్న భూమిలో, కేప్ ఛార్లెస్ ఊరు పుట్టింది. ఇదే కసాట్ తరువాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధ్యక్షుడై హడ్సన్ నది కింద సొరంగాలు తవ్వించాడు. అక్కడ నీటి కిందుగా పోయిన మనిషి ఇక్కడ నీటి మీదుగానే పోయాడు. ఇరవై ఆరు మైళ్లు తవ్వడం ఎవరి తరం?

పని తీరు చూడముచ్చటైనది. బార్జీ మీద వరుసలుగా పట్టాలుంటాయి. గట్టుకు కీలుతో బిగించిన వంతెన ఆటుపోట్లను బట్టి లేస్తూ దిగుతూ ఆ పట్టాలను గట్టు పట్టాలతో కలుపుతుంది. ఒక పక్కనే వ్యాగన్లు నింపితే బార్జీ ఒరిగిపోతుంది గనుక బరువును సరితూచి ఎక్కించాలి. ఇంజను బరువు వంతెన మీద పడకుండా నడుమ ఖాళీ పెట్టెలు తగిలించి వాటితోనే నెట్టుతారు. తరువాత టగ్ పడవ లాక్కుపోతుంది. పెద్ద బార్జీ ఇరవై అయిదు వ్యాగన్లు మోసేది. కానీ పది వ్యాగన్లున్నా టగ్గు టగ్గే, కూలి కూలే. ఈ దారి కష్టమంతా ఆ లెక్కలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇక్కడి బంగాళాదుంపలు ఈ పట్టాల మీదనే ఉత్తరాది నగరాలకు చేరి, రైతులు బాగా గడించారు. ఆ సరుకును క్రమంగా లారీలు లాక్కున్నాయి. 1964లో అఖాతం మీద వంతెన-సొరంగ మార్గం తెరవగానే కార్లు మోసే ఓడలు ఆగిపోయాయి. ఆ మార్గంలో పట్టాలు లేవు. అందుచేత వ్యాగన్లకు బల్లకట్టే గతి.

పెన్ సెంట్రల్ 1970లో దివాలా తీసింది. 1976లో ఏర్పడిన కాన్‌రెయిల్ ఈ దారిని కాదంది. స్థానికులు వదలలేదు. 1977లో వర్జీనియా అండ్ మేరీలాండ్, 1981లో ఈస్టర్న్ షోర్, 2006లో బే కోస్ట్ అన్న చిన్న కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి నడిపాయి. 2010 తరువాత కొద్ది ఏళ్లకే బార్జీ ఆగింది. దానితో కేప్ ఛార్లెస్ రెండు గట్లను కలిపే మజిలీ కాస్తా మొండి కొసగా మిగిలింది. ఆ కొస కోసం అన్ని మైళ్ల పట్టాలను ఎవరు పోషిస్తారు? 2018లో బే కోస్ట్ మూతపడింది.

ఉత్తర భాగాన్ని ఒక కంపెనీ, నార్ఫోక్ వైపు ముక్కను మరొకటి తీసుకున్నాయి. అక్కడ గూడ్సు నడక సాగింది. నడుమ భాగాన్ని సైకిలుదారిగా మార్చే పని చేపట్టారు. రైలు కోసం పుట్టిన ఊరికే రైలు లేకుండా పోయింది.