బందరు బజారులో అమరావతి రాళ్లు, బెజవాడలో బాపు మ్యూజియం

మాది పామర్రు అని మీకు తెలుసు. మా సెంటర్లో నిలబడితే ఒక రోడ్డు గుడివాడకి పోతుంది, ఒకటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకి దిగుతుంది. మిగతా రెండూ ఒకే రోడ్డు, బందరు రోడ్డు. అటు బందరు, ఇటు బెజవాడ. ఆ రోడ్డుకి రెండు చివర్లా రెండు మ్యూజియాలు ఉన్నాయని నేనంటే, బందరు వాళ్లు "మా ఊళ్లో ఎక్కడుందండీ?" అని అడుగుతారు. అందుకే ఈ ఎపిసోడ్.

బెజవాడ చివరది అందరికీ తెలుసు. విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పుడు బాపు మ్యూజియం. చాలాకాలం మూసి ఉంచి, బాగుచేసి, పెంచి, 2020 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు. దాని సంగతికి వస్తాను. ముందు బందరుది చూద్దాం, ఎందుకంటే అదే పెద్దది. వయసులో.

1790ల చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె తవ్వితే చెక్కిన పాలరాళ్లు బయటపడ్డాయి. పాలరాయి అని మనం అలవాటుగా అంటాం గానీ అది సున్నపురాయి, పల్నాటి రాయి. కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ గారు కొత్త పేట ఒకటి కట్టించారు. ఇప్పటికీ రాబర్ట్‌సన్‌పేట అంటున్నాం కదా, అదే. ఆ పేటలో బజారు మధ్య అలంకారంగా ఉంటుందని అమరావతి నుంచి రాళ్లు తెప్పించి నిలబెట్టించారు. ఇంగ్లీషు కాగితాల్లో దాని పేరు రాబర్ట్‌సన్ దిబ్బ.

ఒక్కసారి ఊహించండి. కూరగాయలు కొనుక్కోవడానికొచ్చిన మనిషి పక్కనే రెండువేల ఏళ్ల నాటి స్తూపం పలకలు. కాపలా లేదు, టిక్కెట్టు లేదు, సెలవు రోజు లేదు. ఇది మంచి పని అని నేననను. స్తూపానికి చెందిన రాయిని ఊడదీసి బజారులో పెట్టడం విధ్వంసమే, ఎండకీ వానకీ అవి పాడయ్యేవి కూడా. కానీ కృష్ణా డెల్టాలో మామూలు మనిషి తన ప్రాంతపు శిల్పాన్ని అడక్కుండా, అనుమతి లేకుండా చూసిన రోజులు అవే.

1830ల్లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చి ఆ రాళ్లు చూసి ముచ్చటపడ్డారు. పెద్దవాళ్లు ముచ్చటపడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఫైళ్లు నడిచాయి. కొన్ని దశాబ్దాలకు బందరు రాళ్లు మద్రాసు చేరాయి. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించినవి మద్రాసులోనే కొన్నేళ్లు పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి.

మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు. జనాన్ని రప్పించడానికి ఆయన ఏం చేశాడంటే, మ్యూజియం ఆవరణలో బతికున్న పులిని, చిరుతను పెట్టించాడు. నవ్వుకోండి గానీ, పని చేసింది. తర్వాత కానుం పొంగల్ రోజున, అంటే మన ముక్కనుమ దగ్గర్లో, పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. అధికారులు ఓపెన్ డే అని పేరు పెట్టకముందే జనం తమ పండగని మ్యూజియానికి తీసుకెళ్లారన్నమాట.

ఇక బెజవాడ. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం పేరుతో 1887 జూన్ 27న శంకుస్థాపన చేసింది కృష్ణా కలెక్టరు రాబర్ట్ సెవెల్. ఎవరీయన? 1877లో అమరావతి తవ్విన మనిషే. తర్వాత 1900లో విజయనగర చరిత్ర మీద పుస్తకం రాసిన సెవెల్ కూడా ఈయనే. ఒక జిల్లా అధికారి ఇంత పని చేశాడు, ఒప్పుకోవాలి. మొదట్లో ఆ భవనం చేతిపనుల, పరిశ్రమల ప్రదర్శనశాల. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా అందించింది ఈ భవనంలోనే అంటారు. పింగళి వారిది భట్లపెనుమర్రు, మా పామర్రుకి కూతవేటు. 1962లో పురావస్తు శాఖ దీన్ని మ్యూజియం చేసింది. అల్లూరు బుద్ధుడు, నిలువెత్తు తెల్లరాతి విగ్రహం, అక్కడే ఉన్నాడు. ఇంకేం చూడకపోయినా అది చూడండి.

2020లో పాత రాతికట్టడాన్ని బాగుచేసి, కొత్త గ్యాలరీలు చేర్చి, ఫోన్ పెడితే వివరం చెప్పే ఏర్పాటు చేశారు. మంచిదే. కానీ నా లెక్క వేరే. మ్యూజియం ఎంత పెరిగింది అనేది చదరపుటడుగుల్లో కాదు, బందరు రోడ్డు మీద ఎంత దూరం వరకు పెరిగింది అని చూడాలి. ఉయ్యూరు దాకానా, పామర్రు దాకానా, కోడూరు దాకానా? స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మకి ఆ బుద్ధుడి గురించి ఎవరు చెబుతారు? మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి ప్రపంచమంతా జరుపుకుంటున్నారు. మనకది నడి వేసవి. బడులు సెలవులు, ఎండ మండిపోతుంటుంది. మన ఓపెన్ డే సంక్రాంతి తర్వాత పెట్టుకోవాలి. పంట ఇంటికొచ్చి, చేతిలో నాలుగు రోజులు ఖాళీ ఉండే కాలం అది. మద్రాసు జనం ఎప్పుడో కనిపెట్టేశారు.

ఇంకో మాట. అలెగ్జాండర్ రీ 1894లో అచ్చువేసిన పుస్తకంలో మూడు స్తూపాలున్నాయి: భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల. రెండు మన ఇంటి పక్కనే! ఘంటసాల శిల్పాలు కొన్ని ప్యారిస్‌లో గిమే మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో అమరావతి రాళ్లు తేమకి పాడవుతున్నాయని చాలా ఏళ్లు నేలమాళిగలో దాచి, 1992లో ప్రత్యేక గ్యాలరీ తెరిచారు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి బౌద్ధ శిల్పం మీద పెద్ద ప్రదర్శన పెట్టింది, మన దగ్గర్నుంచి కూడా శిల్పాలు వెళ్లాయి. వెళ్లనివ్వండి. నాకు అభ్యంతరం లేదు. ఘంటసాల బడిపిల్లలు ప్యారిస్ వెళ్లలేరు కదా, వాళ్ల ఊరి శిల్పాల ఫొటోలు నిలువెత్తున అచ్చువేసి ఊళ్లో ఉన్న చిన్న మ్యూజియంలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక పెళ్లి ఫ్లెక్సీ అంత.

బందరు వాళ్లకో పని చెబుతాను. రాబర్ట్‌సన్‌పేటలో పాత ఇళ్లున్న పెద్దవాళ్లని అడగండి, ఆ రాళ్ల దిబ్బ ఏ వైపున ఉండేదని తాతలు చెప్పేవారో. ఆ చోటు తేలితే అక్కడొక బోర్డు పెట్టమని మునిసిపాలిటీని అడుగుదాం. వచ్చే ఎపిసోడ్ ఘంటసాల స్తూపం దగ్గర్నుంచే. ఉంటానండీ.