రెండు చెవులతో ధ్వని దిశను గుర్తించడం

ధ్వని ఎటు నుంచి వస్తోందో మనిషికి చెప్పేది ముఖ్యంగా రెండు చెవులకూ అందే శబ్దాల మధ్య తేడా. దగ్గరి చెవికి కాస్త గట్టిగా, కాస్త ముందుగా వినిపిస్తుంది. మొదటి తేడాను శాస్త్రజ్ఞులు తేలిగ్గానే ఒప్పుకున్నారు. రెండోదాన్ని నమ్మడానికి వందేళ్లకు పైగా పట్టింది.

ఇటలీ భౌతికశాస్త్రజ్ఞుడు జొవాన్ని బతిస్తా వెంటూరి 1796లో ప్రకటించిన ప్రయోగాలు ఈ చరిత్రకు మొదలు. కళ్లకు గంతలు కట్టిన మనిషిని మైదానం మధ్య నిలబెట్టి, దూరంగా పిల్లనగ్రోవి వాయించి దిశ చెప్పమన్నాడు. ఒక చెవి మూస్తే ధ్వని తెరిచిన చెవి వైపు నుంచే వస్తున్నట్టు తోచింది. చెవుల్లో పడే శబ్దబలం హెచ్చుతగ్గులే దిశను తెలుపుతాయని ఆయన తేల్చాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ ప్రయోగాలను పట్టించుకున్నవారు తక్కువ.

1870ల్లో ఇంగ్లండులో భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ పచ్చికబయలులో కళ్లు మూసుకుని నిలబడి, చుట్టూ మనుషులను నిలిపి పరీక్షించాడు. మాటలైతే దిశ ఇట్టే తెలిసింది. శ్రుతిదండం మోగిస్తే ముందువెనకలు తారుమారయ్యాయి గానీ కుడిఎడమలు తప్పలేదు. చిక్కంతా అక్కడే. 200 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు. అంత పొడవైన తరంగానికి తల అడ్డే కాదు, కాబట్టి రెండు చెవుల్లో బలం దాదాపు సమానం. మరి కుడిఎడమలు ఎలా తెలుస్తున్నాయి? జవాబు 1907లో గానీ రాలేదు.  పౌనఃపున్యంలో కొద్ది తేడా ఉన్న రెండు స్వరాలను రేలీ చెరో చెవికీ పంపితే, ధ్వని కుడికీ ఎడమకీ ఊగినట్టు వినిపించింది. అంటే చెవులు దశలోని తేడాను, తరంగాలు ఒకదానికంటే ఒకటి ముందువెనకలుగా చేరడాన్ని, పట్టుకుంటున్నాయి. స్వర లక్షణానికి దశతో పనిలేదన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ మాట మీది గౌరవమే ఇంత ఆలస్యానికి కొంత కారణమనిపిస్తుంది. మంద్రస్వరాలకు కాలభేదం, తారస్వరాలకు తీవ్రతాభేదం ఆధారమన్న ద్వంద్వ సిద్ధాంతం అలా స్థిరపడింది.

ప్రతిధ్వనులు అడ్డురాకుండా హార్వర్డ్ భవనం కప్పు మీద స్టీవెన్స్, న్యూమన్ చేసిన ప్రయోగాల్లో (1936) పొరపాట్లు 3,000 హెర్ట్జ్ దగ్గర ఎక్కువయ్యాయి. ఏ ఆధారమూ సరిగా పనిచేయని మధ్యభాగం అది. రేలీని తికమకపెట్టిన ముందువెనకల సంగతి చెవిడొప్ప మడతలూ తల తిప్పడమూ చూసుకుంటాయని తరవాత తేలింది.

చెవుల మధ్య కాలభేదం ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకను దాటదు. మెదడు దాన్నెలా కొలుస్తుంది? లాయిడ్ జెఫ్రెస్ 1948లో ఒక ఊహ చేశాడు: రెండు వైపుల నుంచీ వేర్వేరు పొడవుల నాడీతంతువులు వస్తాయి, సంకేతాలు ఒకేసారి చేరిన కణమే స్పందిస్తుంది. సరిగ్గా అలాంటి అమరికనే 1988లో క్యాథరిన్ కార్, మసకజు కొనిషి గుడ్లగూబ మెదడులో చూపించారు. క్షీరదాల్లోనూ అదే ఉందా అన్నది వివాదమే. జెర్బిల్ ఎలుకలపై 2002లో వెలువడిన పరిశోధన, వాటిలో నాడీకణాలను అణచే సంకేతాల సమయమే కీలకమని వాదించింది.