కుంచం నుంచి కేలరీ దాకా: కోనసీమ పేటల్లో తిండి లెక్కలు

అమలాపురంలో ఒక ఆస్పత్రి. కొత్తపేట వైపు పల్లె నుంచి వచ్చిన కూలి తల్లికి షుగరని తేలింది. మందులతో పాటు అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. పొద్దున ఓట్సు, పదకొండింటికి యాపిలు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, సాయంత్రం మొలకెత్తిన పెసలు. ఆమెకి చదువు రాదు. చదివి పెట్టమని మాకిచ్చింది. అంతా విని, "ఇయ్యన్నీ ఎవరు తింటారు బాబూ, మాకు కోటా బియ్యం తప్ప ఇంకేముంది?" అంది.

ఆ కాగితంలో వైద్యం తప్పని మేము అనడం లేదు. అందులో ఆమె ఇల్లు లేదు, ఆమె చేసే పని లేదు, ఆమె కూలి లేదు. తిండిని కొలిచే పనిముట్లు ఎవరి చేతుల్లో పుట్టాయి, ఎవరి తిండిని లెక్కలోకి తెచ్చాయి, ఎవరి తిండిని వదిలేశాయి అన్నది చరిత్రగా చూడాల్సిన విషయమని మాకు అప్పుడే అనిపించింది.

మన పల్లెల్లో తిండిని కొలిచిన పాత పనిముట్టు కుంచం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి విస్తరించింది. ఆ వరిని ఊడ్చిందీ కోసిందీ మోసిందీ చాలావరకు మాల మాదిగ కూలీలే. కూలి ధాన్యంగా కొలిచిన రోజుల్లో కుంచం ఎవరింట్లో ఉంటే లెక్క వాళ్లది. తలకొట్టి కొలిచారా, రాశిగా పోసి కొలిచారా అన్నదాని మీద పేటలో ఒక పూట కూడు ఆధారపడేది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకానికి వస్తువు ఈ బతుకే.

రెండో కొలత సర్కారుది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చచ్చిపోయారు. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. కాలవ నీళ్లున్న గోదావరి డెల్టాకి ఆ దెబ్బ అంతగా తగల్లేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో రాళ్లు మోసే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాంతో పాటు కొద్దిపాటి డబ్బు చాలని తేల్చాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు రాశాడు. తర్వాత కొలత పెంచాల్సి వచ్చింది. బీదోడు ఎంత తింటే చావకుండా పని చేస్తాడు అన్న ప్రశ్న మన దేశంలో సర్కారు కాగితాలకెక్కిన తీరు ఇది.

మూడో కొలత సైన్సుది. 1918లో మెకారిసన్ అనే డాక్టరు కూనూరులో ఒకే గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ జబ్బుకి ఇండియాలో పేరుమోసిన చోటు మన సర్కారు జిల్లాల కోస్తానే. పచ్చి వడ్లు మరపట్టి తెల్లగా చేసిన బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిను కూడా పోతుంది. దంపుడు బియ్యంలో, ఉప్పుడు బియ్యంలో అది చాలావరకు నిలుస్తుంది. కూనూరు గది పెరిగి, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1937లో ఐక్రాయిడ్, 1971లో గోపాలన్, 2017లో 528 రకాల తిండి పదార్థాలతో వచ్చిన కొత్త పట్టిక: ఇవాళ్టి డైట్ చార్టులకి మూలాలు ఇవే. అంటే కోస్తా తెలుగువాళ్ల జబ్బుకి ఈ విద్య పుట్టుకలోనే చోటుంది. ఆ విద్య మాత్రం తిరిగి పేటకి చేరలేదు.

ఇప్పుడు ఊరూరా వినపడే డైట్లని పక్కపక్కన పెట్టి చూద్దాం. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే మానేయమంటారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మానేసి రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు అంటారు. ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు తినమంటారు. ఒకరు వద్దన్న నూనెని ఇంకొకరు తాగమంటున్నారు. మూడింటినీ కలిపేది ఒకటుంది: కోటా బియ్యం మీద బతికే మనిషి ఏదీ మొదలుపెట్టలేడు. కోనసీమ కొబ్బరి తోటల్లో దింపు తీసేవాళ్లు, కాయ వలిచేవాళ్లు మనవాళ్లే. ఆ కొబ్బరినూనెని రోజుకి 100 గ్రాములు తాగే స్తోమతు వాళ్లలో ఎవరికుంది? మెట్ట పల్లెల్లో చోళ్లు, గంట్లు తిన్నవాళ్లని ఒకప్పుడు తక్కువగా చూశారు. పట్నం వాళ్లు తినడం మొదలెట్టాక చిరుధాన్యాలకి గౌరవమూ ధరా రెండూ పెరిగాయి. ఎవరి మాట విని అయినా షుగరు మందులు సొంతంగా ఆపేయడం ప్రాణానికే ముప్పని పేటల్లో గట్టిగా చెప్పాలి.

ఇక ఫోనులో లెక్కలు. 2005లో అమెరికాలో మై ఫిట్‌నెస్ పాల్, 2012లో బెంగుళూరులో హెల్దీఫైమీ మొదలయ్యాయి. తిన్నది నమోదు చేస్తే కేలరీలు చెప్తాయి. తగ్గాలనుకునే ఆడవాళ్లకి 1200, 1500 అని హద్దు పెట్టడం ఇలాంటి డైట్లలో మామూలు. 2020 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం బరువు పని చేసే ఆడమనిషికి 2720 కేలరీలు కావాలి, మగమనిషికి 3470. 2013 ఆహార భద్రతా చట్టం కింద మామూలు కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోలు. రోజుకి 167 గ్రాముల బియ్యం, సుమారు 575 కేలరీలు. ఊడ్పుల్లో నడుం వంచిన తల్లికి కావాల్సినదాంట్లో ఇది అయిదో వంతు. మిగతా నాలుగు వంతులు ఆమె కూలి డబ్బుతో కొనాలి. ఫోను ఆమెని ఎంత తగ్గుతావని అడుగుతుంది. ఆమెకి ఎంత తక్కువ పడిందో అడిగే లెక్క ఇంకా రాలేదు.

పట్టికల్లో ఉన్న తిండిని కూడా చార్టులు దాస్తున్నాయి. గొడ్డుమాంసం 100 గ్రాముల్లో 22 గ్రాములకి పైగా మాంసకృత్తులున్నాయని గోపాలన్ పట్టికే చెప్తుంది. దాన్ని రాసిచ్చిన డైట్ కాగితం మా కంటపడలేదు. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనం పుట్టుకకీ ఉన్న సంబంధాన్ని అంబేద్కర్ 1948లోనే చర్చించాడు. 2016 ఆగస్టులో ఇదే అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని గోరక్షణ పేరుతో చెట్టుకి కట్టి కొట్టారు. ఈ భయం ఉన్నచోట 'ఏం తిన్నావు' అని డాక్టరడిగితే పేట మనిషి నిజం చెప్తాడా? నిజం చెప్పలేని చోట ఏ లెక్కయినా తప్పే అవుతుంది.

అందుకని మేము అనుకుంటున్న పని ఇది. రాజోలు, కొత్తపేట, అమలాపురం పేటల్లో విద్యార్థులు ముసలోళ్ల దగ్గర కూర్చుని తరవాణి, నూకల జావ, నత్తలు, పీతలు, ఎండు చేపలు, ఎండబెట్టిన తునకలు, గట్ల మీద పొన్నగంటి కూర, ఏ నెలలో ఏం తిన్నారో రాయాలి. ఎప్పుడు పస్తున్నారో కూడా రాయాలి. పాత తిండి అంతా అమృతమని పొగడనక్కర్లేదు, ఆకలిని మరిచిపోకూడదు. టీచర్లు వాటిని జాతీయ పట్టికతో పోల్చి చూడాలి. కార్యకర్తలు కోటాలో బియ్యంతో పాటు పప్పు, నూనె, చోళ్లు అడగాలి. ఆస్పత్రుల్లో కోటా బియ్యం తినే మనిషికి సరిపోయే కాగితం, నోటితో చెప్పే మనిషి కావాలని అడగాలి. ఆ కూలి తల్లి కాగితం మా దగ్గరే ఉంది. దాని వెనకవైపు ఆమె నిజంగా తినేది రాయడం మొదలుపెట్టాం.