వర్లి చాళ్లలో బతుకమ్మ: పూలు పేర్చే విద్య

బతుకమ్మ తెలంగాణ స్త్రీల పూల పండుగ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవ రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఈ పండుగ పాటలను గూర్చి వ్రాసినవారు అనేకులు. పూలను పేర్చే పనిని ఒక విద్యగా ఎంచి వ్రాసినవారు తక్కువ.

పూల అమరికను విద్యగా నిలుపుకొన్న దేశము జపాను. అక్కడ దీనిని ఇకెబానా అంటారు. పూలను జీవింపజేయుట అని ఆ మాటకు అర్థము. బతుకమ్మ అను పేరులోనూ బతుకే ఉన్నది. క్యోటో నగరంలోని రొక్కకుదో ఆలయంలో బుద్ధునికి పూలు సమర్పించిన పూజారుల నుండి 15వ శతాబ్దిలో ఇకెనోబో సంప్రదాయము ఏర్పడినది. అక్కడ గురువులు, గ్రంథాలు, పట్టాలు ఉన్నాయి. మూడు ప్రధానమైన కొమ్మలు, వాటి కొలతలు, మధ్యన విడిచిన ఖాళీ స్థలము ఆ అమరికకు ప్రాణము. బతుకమ్మలో ఖాళీకి తావు లేదు. గురువు తల్లియో అత్తయో. పట్టా ఇచ్చేవారు లేరు.

అయినను నియమాలకు కొదువ లేదు. సిబ్బిలో గాని తాంబాలంలో గాని గుమ్మడి ఆకులు పరుస్తారు. గునుగు కాడలను ఒకే కొలతకు కోసి, చిన్న కట్టలుగా కట్టి, కొనలను రంగు నీటిలో ముంచుతారు. పూలు వెలుపలికి, కాడలు లోపలికి ఉండునట్లు వరుస వెంట వరుస గుండ్రంగా పేరుస్తారు. లోపలి బోలును ఆకులతోను, కోసిన కాడల తునకలతోను గట్టిగా నింపవలెను. నింపుట తక్కువైతే ఎంత అందమైన బతుకమ్మయైనా మోసుకొని వెళ్లునప్పుడు ఒరుగుతుంది. వరుసలు పైకి పోను పోను సన్నబడి, శిఖరాన పసుపు గౌరమ్మ నిలుస్తుంది.

ఈ విద్య ముంబయికి కూలి వెంట వెళ్లినది. 18వ శతాబ్ది చివర కట్టడపు పనులకు వెళ్లిన తెలుగు కామాఠీల పేరనే కామాఠీపురా వెలసినది. తరువాత బట్టల మిల్లుల కొరకు పద్మశాలీలు మొదలైనవారు వర్లి ప్రాంతానికి చేరారు. 1920లలో కట్టిన వర్లి బీడీడీ చాళ్లలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. అంత ఇరుకు గదిలో పూలరాశి పోయుటకు చోటెక్కడిది? గదుల ముందరి ఉమ్మడి నడవాయే అందుకు చోటైనది. నాలుగిళ్ల ఆడవారు ఒక్కచోట కూర్చుంటే పిల్లలు చూచి నేర్చుకొంటారు. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కటొక్కటిగా మూతబడినను బతుకమ్మ ఆగలేదు.

మారినవి పూలు. తంగేడు మెట్ట నేలల మొక్క, గునుగు చేలలో మొలిచే కలుపు. నగరంలో రెండును సులభంగా దొరకవు. దసరాకు దాదర్ పూలబజారులో రాశులుగా దిగేది బంతి, చామంతి. అందుచేత నగరపు బతుకమ్మకు పసుపు, నారింజ వన్నెలే ఎక్కువ. బంతి పూవుకు పొడవైన కాడ ఉండదు కనుక గునుగు వలె కట్ట కట్టి పేర్చుట కుదరదు. దారాన గుచ్చి చుట్టవలసి వస్తుంది. ఇది చిన్న మార్పు కాదు, చేతి పనే మారినది. పేర్లు తెలిస్తే మరాఠీ రైతుల వద్ద అడుగవచ్చును: తంగేడును వారు తరవడ్ అంటారు, గునుగును కుర్డూ, బంతిని ఝెండూ, చామంతిని శేవంతి.

ఊరి బతుకమ్మ చెరువుకు పోతుంది; వర్లి వారికి దగ్గరి నీరు సముద్రమే.

ఇప్పుడు చాళ్లే మారుతున్నాయి. పునర్నిర్మాణంలో భాగంగా 2025 ఆగస్టులో వర్లిలోని 556 కుటుంబాలకు 40 అంతస్తుల భవనాలలో 500 చదరపు అడుగుల ఇండ్ల తాళాలు అందాయి. ఇల్లు విశాలమైనది, మరుగుదొడ్డి ఇంటిలోనికి వచ్చినది, ఇది మేలే. కాని తలుపు మూసిన ఇంటిలో ఒంటరిగా పేర్చే బతుకమ్మను ప్రక్కింటి పిల్ల చూడదు.

సరిహద్దు గ్రామాలలో నడవా కొరత లేదు. ఇక్కడ తగ్గుతున్నది గునుగు. కలుపు మందు చల్లిన చేనిలో అది మిగలదు. కొన్ని గట్లను మందు లేక విడిచిపెడితే చాలును. గునుగు తన విత్తనాలను తానే రాల్చుకొని మరుసటి వానలకు మొలుస్తుంది. దాని పూవు ఎండినను రూపము చెడదు కనుక, కోసి కట్ట కట్టిన గునుగు ముంబయి దాకా ప్రయాణమును తట్టుకొంటుంది. తంగేడు మాత్రము అంతకాలము ఆగదు, ఏనాటి పూవు ఆనాడే కోయవలెను.