వయోజనుల డే కేర్‌లో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక: చరిత్ర

పగలంతా డే కేర్ కేంద్రంలో గడిపి సాయంత్రానికి ఇల్లు చేరే పెద్దవాళ్లలో ఒక్కొక్కరికీ విడిగా రాసుకునే పత్రం ఇది. మనిషికి ఏ పని వచ్చు, ఎక్కడ తోడు కావాలి, రాబోయే నెలల్లో ఏది నేర్పాలి, ఎవరు నేర్పాలి, మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి అన్నవి ఇందులో ఉంటాయి. వృద్ధులకూ, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకూ, మేధోవైకల్యం ఉన్న వయోజనులకూ దీన్ని రాస్తారు. పాశ్చాత్య దేశాల్లో ఇది ప్రధానంగా ఆసుపత్రి వార్డుల్లోంచి వచ్చింది. తెలుగునాట మాత్రం ప్రత్యేక బడిలోంచి వచ్చింది. ఆ పుట్టుక తేడా దాని రూపంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

1935లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనున్న పేదల వైద్యశాలను డాక్టర్ మార్జరీ వారెన్‌కు అప్పగించారు. ఏళ్ల తరబడి మంచాలకే పరిమితమైన వందలమందిని ఆమె ఒక్కొక్కరిగా పరీక్షించి, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు చికిత్స నిర్ణయించింది. కొందరు లేచి నడిచారు, ఇళ్లకు వెళ్లారు. మరో వైద్యుడు లయొనెల్ కోసిన్ ఆక్స్‌ఫర్డ్‌లోని కౌలీ రోడ్ ఆసుపత్రిలో వృద్ధుల కోసం డే హాస్పిటల్ నడిపాడు. 1958లో దానికి ప్రత్యేకంగా భవనం కట్టారు. 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కట్జ్ బృందం స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాలపై పట్టు, తిండి తినడం అనే ఆరు పనులతో కొలమానం తయారుచేసింది. నేటికీ అది వాడుకలో ఉంది. 1970ల తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో వృద్ధుల కోసం మొదలైన ఆన్ లోక్ సంస్థ ఇంకో అడుగు వేసింది. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, వ్యాన్ డ్రైవరు కూడా కలిసి కూర్చుని ప్రణాళిక వేసే పద్ధతి అక్కడ బలపడింది. ముసలామె వ్యాను మెట్టు ఎక్కలేకపోతోందని మొదట గమనించేది డ్రైవరే కదా!

మేధోవైకల్యం ఉన్నవాళ్ల విషయంలో దారి వేరు. 1975లో అమెరికా చట్టం ప్రతి వికలాంగ విద్యార్థికీ వ్యక్తిగత విద్యా ప్రణాళికను తప్పనిసరి చేసింది. ఆ పిల్లలు పెద్దయ్యాక అదే నమూనా వయోజన కేంద్రాలకూ పాకింది. 1980లలో జాన్ ఓబ్రయన్, బెత్ మౌంట్ వంటివారు లోపాల జాబితాతో మొదలుపెట్టే ఈ ధోరణిని విమర్శించారు. ఆ మనిషి ఎలా బతకాలనుకుంటున్నాడో ముందు అడగమన్నారు. ఇంగ్లండ్ 2001లో ఈ ఆలోచనను ప్రభుత్వ విధానంలోకి తీసుకుంది.

తెలుగునాట 1968లోనే హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఈ రంగంలోకి దిగింది. అసలు మలుపు 1984లో సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడడం. ఇప్పుడది నీపిడ్ పేరుతో నడుస్తోంది. 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అక్కడ రూపొందించిన బేసిక్-ఎంఆర్ కొలమానాన్ని ప్రత్యేక ఉపాధ్యాయులు వంటబట్టించుకున్నారు. పని తనంతట తానే చేస్తే 5 మార్కులు. సైగతోనో, గుర్తుచేస్తేనో చేస్తే 4, నోటితో చెబుతూ ఉంటే 3, చెయ్యి పట్టి చేయిస్తే 2, పూర్తిగా ఇంకొకరే చేయాల్సివస్తే 1, ఆ పని వర్తించకపోతే సున్నా. చూడడానికి బడి ప్రోగ్రెస్ కార్డులాగే ఉంటుంది. కానీ 2 నుంచి 3కి రావడమంటే అమ్మ చెయ్యి ఖాళీ అవడమని ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఆ కొలమానం పిల్లలది. పాతికేళ్ల మనిషి చేత పూసలు గుచ్చించి, రంగులు గుర్తుపట్టించే కేంద్రాలు చాలాకాలం నడిచాయి. ఇది ప్రణాళిక లోపమే తప్ప ఆ మనిషి లోపం కాదు. 2000లో అదే సంస్థ నుంచి పెద్దవాళ్ల కోసం బేసల్-ఎంఆర్ వచ్చింది. వయోజన జీవితానికి కావాల్సిన నైపుణ్యాలు ఒక భాగం, ఇబ్బంది పెట్టే ప్రవర్తనలు ఇంకో భాగం.

వృద్ధుల డే కేర్ కథ ఇంత లోతుకు పోలేదు. 1992లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థల వృద్ధాశ్రమాలకూ డే కేర్ కేంద్రాలకూ గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1999లో జాతీయ వృద్ధుల విధానం, 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చాయి. అయినా చాలాచోట్ల డే కేర్ అంటే టీవీ, దినపత్రిక, కేరమ్ బోర్డు, మధ్యాహ్న భోజనం. ఊరి రచ్చబండకు పైకప్పు వేసినట్టన్నమాట. కాలక్షేపానికి వంక పెట్టనక్కర్లేదు గానీ, పక్షవాతం వచ్చిన తాతకు ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్పాలంటే అది చాలదు.

మేధోవైకల్యం వంటివి ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఊతమిచ్చింది. ఆ ట్రస్ట్ వికాస్ పథకం కింద పదేళ్లు దాటినవాళ్లకు రోజుకు కనీసం ఆరు గంటల డే కేర్ నడపాలని నియమం పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండినవాడి తరఫున ఎవరు సంతకం పెట్టాలన్న చిక్కునూ ఆ చట్టమే తీర్చింది. జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఉదాహరణకు ఆగిరిపల్లి మండలంలోని కుటుంబాలు ఒకప్పుడు అందుకోసం జిల్లా కేంద్రమైన మచిలీపట్నం వైపు చూడాల్సివచ్చేది. 2022 ఏప్రిల్‌లో మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, దారి ఏలూరు వైపు మారింది. ఇక చేతిలో ప్రభుత్వం ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్ ఉన్నా అందులో ఉండేది వైకల్యం రకం, శాతమే. పింఛనుకు అది చాలు. ఆ మనిషి పొద్దున లేచి ఏం చేయగలడో అది చెప్పదు.

ఆగిరిపల్లి లాంటి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వ భవిత కేంద్రాల ద్వారా, ఇంటికొచ్చే సమ్మిళిత విద్య (ఐఈ) టీచర్ల ద్వారా వ్యక్తిగత ప్రణాళిక ఎంతోకొంత అందుతుంది. బడి వయసు దాటగానే ఆ ఫైలు మూతపడుతుంది, కొనసాగించేవాళ్లు ఉండరు. ఇక్కడ ప్రణాళిక రాయబోయేవాళ్లు ముందుగా చూడాల్సింది మామిడి కాలాన్ని. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు దిగే రోజుల్లో ఇంట్లో పెద్దలు తెల్లవారకముందే తోటలకు పోతారు. మిగతా నెలల్లో తొమ్మిదింటికి కేంద్రానికి రాగలిగే మనిషిని ఆ మూడు నెలలూ దింపేవాళ్లుండరు. కాబట్టి ప్రయాణం, మందుల వేళ, పొద్దుటి టిఫిను ఎవరు చూస్తారన్నది ప్రణాళికలో వేసవికి విడిగా రాసుకోవాలి.

పని నేర్పే అవకాశమూ ఆ కాలంలోనే. కాయలు ఏరి ట్రేలో సర్దడాన్ని సికిందరాబాదు సంస్థ పద్ధతిలో చిన్న మెట్లుగా విడగొడితే ఇలా ఉంటుంది: కుప్పలోంచి ఒక కాయ తీయడం, తొడిమ ఉందో లేదో చూడడం, మచ్చకాయను పక్కన పెట్టడం, మంచికాయను తొడిమ విరగకుండా ట్రేలో పెట్టడం, చివరికి సొన అంటిన చేతులు సబ్బుతో కడుక్కోవడం. తొడిమ విరిగితే సొన కారి కాయకు మచ్చ పడుతుంది, ధర తగ్గుతుంది; చర్మానికి తగిలితే పుండు పడొచ్చు. అందుకే చేతులు కడుక్కోవడాన్ని కూడా విడి మెట్టుగా లెక్కేసి మార్కు వేస్తారు. ఈ ఐదింటిలో ఏ మెట్టు దగ్గర ఎంత తోడు కావాల్సివచ్చిందో రోజూ రాసిపెడితే, జూన్ చివరి సమీక్షకు కావాల్సిన సమాచారం కేంద్రం దగ్గర సిద్ధంగా ఉంటుంది.