తాళము వీథితలుపునకు వచ్చిన తీరు

తెనాలి చెంతనున్న అంగలకుదురువంటి డెల్టా గ్రామములలో వీథితలుపునకు తాళము వేయుట పురాతనాచారము కాదు. మట్టిగోడల యిండ్లలో తలుపునకు లోపల అడ్డగడియయు, వెలుపల గొలుసును ఉండెడివి. ముసలివారో, బాలెంతలో, పాలేరులో ఎవరో ఒకరు సర్వదా ఇంటనుండుటచేత ఆ గొలుసు తగిలించు నవసరమైనను అరుదుగా కలిగెడిది. తాళము లేకపోలేదు, అది భోషాణమునకును, ధాన్యపుకొట్టునకును పడి, దాని చెవి ఇల్లాలి బొడ్డున వ్రేలాడుచుండెడిది.

దొంగయు తలుపు జోలికి పోయెడివాడు కాడు. వాని మార్గము గోడ. మృచ్ఛకటికము మూడవ అంకమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేసిన నాటినుండి 1860 నాటి భారత శిక్షాస్మృతి వరకు ఈ విద్యకు ప్రాధాన్యము తగ్గలేదు: ఆ స్మృతి 445వ సెక్షనులో ఇల్లు ఛేదించుట కిచ్చిన ఉదాహరణములలో మొదటిది గోడకు కన్నము వేసి చేయి దూర్చుట, తలుపు రంధ్రమున తీగ దూర్చి గడియ నెత్తుటయు, దొరికిన తాళపుచెవితో తెరచుటయు ఆ తరువాతివి. మట్టిగోడ యున్నంతకాలము ఎంత గట్టి తాళమైనను అలంకారప్రాయమే.

1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై, పడమటి కాలువల నీరు ఈ పొలములకు పారి, పంట రొక్కమైనకొలది మట్టిగోడల స్థానమున ఇటుకగోడలు లేచెను. గోడ గట్టిపడిన పిదపనే గృహస్థుని దృష్టియు, దొంగ దృష్టియు తలుపుపై నిలిచినవి. 1861లో అమెరికాలో లైనస్ యేల్ పేటెంటు పొందిన తాళములో స్ప్రింగులపై నిలిచిన చిన్న పిన్నులు, తగిన చెవి గాట్లు వానిని సరిగా ఎత్తినపుడే ఒక్క వరుసకు వచ్చి తాళమును తిరుగనిచ్చును. 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళముల పరిశ్రమ నారంభించెను. 1916లో గుంటూరు–తెనాలి రైలుదారి పడెను. ఇల్లిల్లంతయు యాత్రకో, పెండ్లికో తరలుట సులభమైనపుడు తాళపుకప్ప వీథితలుపున కెక్కెను. దాని చెవి పొరుగింటి కేగెను.

తరువాత పిల్లలు చదువులకై హైదరాబాదునకును, ఉద్యోగములకై అమెరికాకును పోగా, తాత్కాలికమైన తాళము నిత్యమయ్యెను. దొంగలు పెరుగుటచేత గాక మనుష్యులు తగ్గుటచేతనే మన తలుపులకు తాళములు పెరిగినవి. నేటి స్మార్ట్ లాక్ ఈ చరిత్రలో కడపటి మెట్టు. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడచు చిన్న మోటారు గడియను కదుపును. వేలిముద్రకో, అంకెలకో, ఫోనునకో అది లొంగును. డల్లాసునందున్న కుమారుడు పనిమనిషికి గంటసేపు చెల్లు అంకె నిచ్చి, పిదప దానిని రద్దుచేయగలడు. తలుపు ఎన్ని గంటలకు తెరచిరో అక్కడనుండియే చూడగలడు. అయితే ఏండ్లతరబడి నాగలిమేడి, కొడవలి పట్టి గీతలరిగిన తండ్రి వ్రేలిని ఆ యంత్రము పలుమారులు గుర్తింపదు; ఇల్లు కట్టినవాడే అంకెలు నొక్కి లోపలికి రావలసివచ్చును.

పొరుగింట చెవి ఇచ్చుటలో తలుపు తెరచు అధికారముతోపాటు, సందె దీపము పెట్టుట, తులసికి నీరు పోయుట, గాలివాన వచ్చిన కిటికీలు మూయుట అను బాధ్యతలును చేరియుండెడివి. క్రొత్త తాళము రాకపోకల లెక్క చెప్పును గాని యీ పనులలో ఒక్కటియు చేయదు. అందుచేత సెల్లులు తీరినపుడు వాడుటకై దానితో వచ్చు ఇనుపచెవిని పాత యాచారము చొప్పున పొరుగువారికే అప్పగించుట ఉత్తమము.