ఒత్తులు జారే వయసు

ఎవరి చదువునైనా ఒక్క ముక్కలో తీసిపారేయాలంటే మనవాళ్లకి 'ఆవిడకి ఒత్తులు రావండీ' అంటే చాలు. మగవాళ్ల గురించి ఈ మాట అనగా నేను తక్కువే విన్నాను. వాళ్ల రాతలో తప్పొస్తే అది తొందర, లేదంటే ప్రూఫులు చూసినవాళ్ల నిర్లక్ష్యం. ఆడవాళ్ల తప్పు మాత్రం నేరుగా చదువుకే చుట్టుకుంటుంది. ముసలావిడైతే 'పాపం, మర్చిపోయింది' అన్న జాలి కూడా కలుస్తుంది. ఎప్పుడు నేర్చుకుంది, ఎవరి రూల్సు నేర్చుకుంది, మధ్యలో యాభై ఏళ్లు ఆ చేతికి ఏం రాసే వీలు దొరికింది అని అడిగేవాళ్లు లేరు.

వయసుతో స్పెల్లింగ్ తగ్గడం వట్టి అపోహ కాదు. డొనాల్డ్ మెకే, లీజ్ ఏబ్రమ్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో కష్టమైన ఇంగ్లీషు మాటల్ని వినిపించి రాయమన్నారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కంటే ఎక్కువ తప్పులు రాశారు. దానికి చదువులో తేడాలు కారణం కాదని కూడా తేల్చారు. మరుసటి ఏడు ఇంకో అధ్యయనంలో తెలిసింది నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. రాసి ఉన్న మాటలో తప్పు పట్టుకోవడంలో పెద్దవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. సరైన రూపాన్ని లోపల్నుంచి తీసి రాయడం దగ్గరే ఇబ్బందంతా. అంటే ఆవిడకి తను రాసింది తప్పని తెలుస్తూనే ఉంటుంది, సరైనది మాత్రం చేతికి రాదు. చాలామంది ఆడవాళ్లు ఒక వయసు తర్వాత ఉత్తరాలు మానేసి 'మీరే రాసెయ్యండమ్మా, నేను చెప్తాను' అనడం వెనక బద్ధకం కంటే ఈ సిగ్గే ఎక్కువుంటుందేమో.

అయితే అది ఇంగ్లీషు సంగతి. మన దగ్గర 'తెలుగుకి స్పెల్లింగేమిటి, పలికినట్టే రాస్తాం' అంటారు. ఎవరు పలికినట్టు? ధ, భ, ఖ లాంటి ఒత్తక్షరాలు ఎక్కువగా సంస్కృతం మాటలతో వచ్చినవి. దనం, బూమి, కరీదు అనే ఇళ్లు కోకొల్లలు. శ, ష, స ల తేడా కూడా అంతే. ఆ ఇళ్ల పిల్లకి ఒత్తు చెవితో వచ్చేది కాదు. కంటితో చూసి, చేత్తో రాసి రాసి నిలబెట్టుకోవలసింది. నోటి ఆసరా లేని అక్షరమే ముందు జారిపోతుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక్కడ చరిత్ర ఇంకో మెలిక వేసింది. 1920లలో అక్షరాలు దిద్దిన ఆడపిల్ల 'మూఁడు' అని అరసున్నతో, 'చెఱువు' అని బండిరాతో నేర్చుకుంది. ఊరు అంటే గ్రామం, ఊఱు అంటే నీరు ఊరడం అని విడిగా గుర్తుపెట్టుకుంది. 'ఆఁడుది' అన్న మాటకీ ఓ అరసున్న ఉండేది (మన దగ్గర్నుంచి పోయినవాటిలో నేను బెంగపెట్టుకోనిది అదొక్కటే). గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం 1913లో మెమొరాండం రాశారు. బడి పుస్తకాల్లో ఆ భాష స్థిరపడటానికి మరో అర్ధ శతాబ్దం పైనే పట్టింది. ఆ మార్పు రావలసిందే, ఆడవాళ్లకి అక్షరం దగ్గరైంది దానివల్లే. కానీ అప్పటికి నడివయసు దాటిన ఆవిడ, బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ఒప్పంతా ఉన్నట్టుండి తప్పు కింద పడిపోయింది. ఆవిడ మర్చిపోలేదు సరికదా, మర్చిపోకపోవడమే దోషమైంది.

మా అమ్మమ్మ ఎనభై దాటాక రాసిన కార్డుల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 'గుఱ్ఱము' అన్న మాటలో బండిరా చెక్కుచెదరలేదు. 'ఆశీర్వచనాలు' మాత్రం 'ఆసీర్వచనాలు' అయింది. అదే చేత్తో రోజూ రామకోటి రాసేది, అందులో 'శ్రీ' ఒక్కసారీ తప్పలేదు. ఇంట్లో ముసలావిడ కాగితం, కలం పట్టుకుంటే ఎవరూ పని చెప్పనిది ఆ ఒక్క రాతకే. దాంతో ఆ ఒక్క శ బతికింది.

పాత ఉత్తరాల్నీ డైరీల్నీ అచ్చుకిచ్చేటప్పుడు మనం ఇవన్నీ చక్కగా దిద్దేస్తాం. గౌరవం కోసమే అనుకుంటాం. దాంతో ఏ తప్పు వయసుది, ఏది పాత బడిది, ఏది ఇంటి నోటిది అని తేల్చే ఆధారం పోతుంది. ఉత్తరం పక్కన తేదీ వేసి, అక్షరం ముట్టుకోకుండా వదిలేస్తే చాలదా? స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెబుతుంటే విని రాసుకున్నారు. రాత రాదన్న వంక అక్కడ పనిచెయ్యలేదు.

పెద్దయ్యాకే అక్షరం పట్టుకున్నవాళ్ల కథ వేరు. నెల్లూరు జిల్లాలో 1990-91 సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో ముప్ఫై, నలభై ఏళ్ల కూలి స్త్రీలు రాత్రిపూట లాంతర్ల దగ్గర పలకలు పట్టారు. వాచకంలో 'సీతమ్మ కథ' చదివారు. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక పోరాటం లేచింది. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. నిషేధం 1997లో సడలిపోయింది, దాని గురించి బోలెడు రాశాం. ఆ అక్షరాలు ఏమయ్యాయో మాత్రం పెద్దగా రాయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 1991లో 32.7 శాతం, 2001లో 50.4 శాతం అన్నారు. జనగణనలో ఎవరూ పలక ఇచ్చి రాయించరు, ఇంట్లోవాళ్లు చెప్పిందే రాసుకుంటారు. వాచకం అయిపోయాక చదవడానికి ఇంకో పుస్తకం, రాయడానికి ఇంకో అవసరం ఆ ఊళ్లలో ఎంతమందికి దొరికింది? పొదుపు సంఘం రిజిస్టర్లో సంతకం మిగిలింది. వేలిముద్ర వెయ్యకుండా పేరు రాయడమే అప్పట్లో వాళ్ల గొప్ప. గుణింతాలన్నీ పోయినా ఆ పేరులోని నాలుగక్షరాలు చేతిలో ఉండిపోయాయి.

వాళ్లకి అరవై దాటే వేళకి ఆధార్ వచ్చింది. రేషన్ షాపులో యంత్రం ముందు నిలబడి మళ్లీ వేలిముద్రే వెయ్యాల్సి వచ్చింది. కూలిపనుల్లో అరిగిన వేలిని యంత్రం గుర్తుపట్టకపోతే, తడి తుడుచుకుని ఇంకో వేలు పెట్టమంటారు. పేరు రాస్తానంటే అక్కడ పనికిరాదు.